సందు లేని కమ్ములు

ఫాల్గుణమాసము ముగియవచ్చెను. నల్లమల కొండలపై మోదుగుచెట్లు ఆకునంతయు రాల్చి పూవు నొక్కదానినే దాల్చి కెంజాయల మండుచుండగా ఇప్పపూల మత్తుకంపును మోసికొని అడవి దిగివచ్చిన తూర్పుగాలి కుందూనది యిసుకతిన్నెలపై నొకమారు పొర్లి నంద్యాల వీథులలో దుమ్ముసుడులను రేపుచు తలుపు తీసియున్న యిండ్లలోనికి అడుగకయే చొచ్చుచు మూసియున్న యిండ్ల ముంగిట గొణుగుచు మరలిపోవుచుండెను. మధ్యాహ్నభోజనమైన పిమ్మట ఊరెల్ల చాపలపై నొరిగియుండెను. సోడాబండివాడు సైతము వేపనీడన బండి నాపి తల వాల్చెను. అట్టి వేళ పట్టణపు టుత్తరపు కొసనున్న యొక పెంకుటింటి పెరటిలో రేకులు కప్పిన పొడవాటి గదియందు ఒక పెద్దమనిషి మాత్రము కాలుగాలిన పిల్లివలె తిరుగుచుండెను.

ఆయన పేరు విరూపాక్షయ్య. కిటికీల నన్నిటిని బిగించి వాని పగుళ్లలో గుడ్డపీలికలు దురిమి గాలి యను పదార్థమునకు ఆ గదిలో ప్రవేశము నిషేధించి తడిసిన బనీనుతో చెవిపై పెన్సిలుతో చేత పట్టకారుతో ఆయన గదినిండ పరచిన యొక చెక్కబల్లకు ప్రదక్షిణము చేయుచుండెను. ఆ బల్లపై నల్లమల యంతయు నొదిగియుండెను. గోనెగుడ్డపై సుద్దపిండి మెత్తిన కొండలుండెను. వాని నడుమ సొరంగముండెను. లోయపై వెదురుపుల్లల వంతెన యుండెను. రంపపుపొట్టున కాకుపచ్చరంగు వేసి చల్లిన యడవి యుండెను. ఆ యడవిని చుట్టి పోవు ఇత్తడికమ్ముల జంటదారిపై అరచేతిలో నిముడునట్టి యింజనొకటి రెండు పెట్టెలను లాగికొని విద్యుద్బలమున కదలుచుండెను. ఇంజను కదలుటయు విరూపాక్షయ్య ఊపిరి బిగబట్టుటయు నొక్కసారియే జరుగును. ఇంజను పట్టా తప్పుటయు ఆయన నోట నొక కటువైన మాట వెడలుటయు కూడ నొక్కసారియే జరుగును.

చదువరులు ఈయనను పని లేని మనుష్యుడని తలంపరాదు. పని లేకపోవుటయే ఆయన రోగము గాని స్వభావము గాదు. ఉద్యోగకాలమున ఈయన రైలుపట్టాల ఇన్‌స్పెక్టరు. నల్లమల నడుమ గిద్దలూరు వైపునకు కొండలెక్కి పోవు మీటరుగేజి దారి యాయన యధీనమున నుండెను. నాలుగు చక్రముల ట్రాలీబల్లపై గొడుగు క్రింద కూర్చుండి మనుష్యులు వెనుకనుండి త్రోయుచుండగా పోవుచు, అనుమానము తోచిన చోటనెల్ల దిగి, సుత్తితో కమ్మిని తట్టి, అది పలికిన పలుకును బట్టి దాని యారోగ్యమును తెలిసికొనుచు ఆయన తన యౌవనమునంతయు ఆ దారిపైననే గడపెను. వేసవి వచ్చినచో ఇక చెప్ప నక్కరలేదు. ఎండకు ఇనుము సాగును. కమ్మికిని కమ్మికిని నడుమ గోరంత సందు విడువనిచో సాగిన కమ్మి పోవుటకు చోటు లేక పామువలె ప్రక్కకు మెలిదిరుగును. అది మెలిదిరిగిన చోట రైలు పడును. కావున చైత్రము రాకమునుపే గ్యాంగువారిని వెంటబెట్టుకొని అతుకు లన్నిటిని విప్పించి సందులు సరిచూచి మరల బిగింపించుచు ఆయన యరచిన యరపులకు కొండముచ్చులు గూడ చెట్టు మారెడివని ఆ దారిలో ప్రతీతి. దారిప్రక్కనే యున్న క్వార్టర్సు వంటయింట పొయ్యి యూదుచు ఆయన భార్య మరకతమ్మ యా యరపులను వినుచుండెడిది.

తరువాత ఆయన పదవి ముగిసెను. కొంతకాలమునకే ఆ దారియు ముగిసెను. పెద్దగేజి వేయుటకై వేరు త్రోవ త్రవ్వి పాత కమ్ములను పెకలించి లోయపైనున్న యెత్తైన వంతెనను విప్పి కొనిపోయిరి. ఆ వార్త విన్న దినమున విరూపాక్షయ్య అన్నము సగములో విడిచి లేచెను. అది మొదలు ఆయనకు కూర్చుండు విద్య మరపునకు వచ్చెను. వీథిలో నడచునపుడు సైతము పట్టాల క్రింది స్లీపరు దిమ్మె మీదనుండి దిమ్మె మీదికి నడచిన యలవాటు వదలక అడుగు కురచ చేసి నేలను చూచుచు నడచెడివాడు. అంగడికి పోయి ఉప్పు మరచి వచ్చును. ఉప్పునకై పోయి గొడుగు మరచి వచ్చును. పడుకొన్నచో ఏదియో వినబడవలసినది వినబడనట్లు తోచి లేచి కూర్చుండును. అది యేమో ఆయనకే తెలియదు.

మరకతమ్మకు మాత్రము ఊరికి వచ్చుట చిరకాలపు కోరిక యీడేరుటయే యయ్యెను. అడవిలో ఆమె వీణ కోతులు తప్ప వినువారు లేక పడియుండెను. నంద్యాలకు వచ్చిన పిదప పెరటిలో ఈ రేకులగదిని వేయించుకొని వీథిలోని యాడుపిల్లలకు పాఠము చెప్ప మొదలిడెను. చాపలపై వరుసగా కూర్చుండి సరళీస్వరములు పలికించు పిల్లలు, గుమ్మమున వారి చెప్పుల కుప్ప, కిటికీలో ఆరవేసిన వారి రిబ్బనులు, ఇదియే ఆ గది తొలిరూపము. ఏటేట శ్రీరామనవమికి పెద్దబజారు పందిటిలో మరకతమ్మ పిల్లల పాట యుండుట ఊరికి వాడుకయయ్యెను. ఆమె నడకలో కూడ ఆ గర్వము కొంచెము కనబడెడిది. కనబడనిమ్ము, ఆమె దానిని కష్టపడి సంపాదించుకొన్నది.

ఆ గదిలోనికి రైలు వచ్చిన విధము చిత్రమైనది. వకుళ యను శిష్యురాలు ఒకనాడు తమ్ముని యాటరైలును సంచిలో పెట్టుకొని పాఠమునకు వచ్చెను. విరామమున పిల్లలు దానిని నడుపగా అది ప్రతిచుట్టునను ఒక్కచోటనే పడుచుండెను. గుమ్మమునుండి దానిని చూచిన విరూపాక్షయ్యకు ఒళ్లు జలదరించెను. పడుచున్న రైలును చూచి ఊరకుండుట ఆయన నెత్తుటిలో లేదు. ఆయన నేలపై చతికిలబడి పట్టాను విప్పి వంపు సవరించి క్రింద అట్టముక్క దోపి మరల నడపెను. రైలు పడలేదు. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఎన్నినాళ్లకో భర్త ముఖమున వెలుగు చూచి మరకతమ్మయు నవ్వెను. గదిలో ఆ మూల ఖాళీగనే యున్నది, మీరొకటి చేసికొనరాదా యని అడిగినదియు ఆమెయే. ఏకై వచ్చినది మేకై కూర్చుండునని పాప మామె కప్పుడు తెలియదు.

మూలనుండి గోడకును, గోడనుండి గుమ్మమునకును రైలుదారి ప్రాకెను. ఆ దినములలో ఇంట సంతోషము లేకపోలేదు. రంపపుపొట్టునకు రంగు కలిపినది మరకతమ్మయే. చిరిగిన తన నీలిరంగు పట్టురవికను విప్పి లోయక్రింది యేటినీరుగా పరచినదియు ఆమెయే. వెదురుపుల్లల వంతెనపై ఇంజను మొదటిసారి పడక దాటిన నాడు ఆ దంపతులు ఒకరి చేయి నొకరు పట్టుకొని పసివారివలె నిలువబడిరి. తాను బ్రదికిన దేశమంతయు తన కన్నులయెదుట మోకాలియెత్తున లేచుచుండగా విరూపాక్షయ్యకు కలిగిన యానందమిట్టిదని చెప్ప నా తరము గాదు. పెకలించి కొనిపోయిన వంతెనను ఆయన మరల నిలిపెను. అది చిన్న పని గాదు.

కాని ఆయనలోని ఇన్‌స్పెక్టరు చావలేదు. సొరంగపు మొగము వెండ్రుకవాసి వంకరగా నున్నదని ఒక కొండను పగులగొట్టెను. వంపు మరియొకింత తిరుగవలెనని స్టేషనును పెకలించెను. పూర్తికావచ్చిన ప్రతిసారియు ఏదియో లోపము కనబడును. కనబడుటయే తడవుగా పట్టకారు చేతికి వచ్చును. పని ముగియనంతకాలము ఆయన వేదనపడెను, ముగియునేమోయని అంతకంటె నెక్కువ వేదనపడెను. ఈ కూల్చుటయు కట్టుటయు నడుమ చాపలు చుట్టబడినవి. చెప్పుల కుప్ప తగ్గెను. పిల్లలు బల్లక్రింద కాళ్లు ముడుచుకొని కొన్నాళ్లును వసారాలో ఎండకు ఓర్చి కొన్నాళ్లును కూర్చుండి చూచి ఒకరొకరుగా మానివేసిరి. వీణకు గుడ్డ చుట్టి మరకతమ్మ దానిని గోడకు తగిలించెను. ఒకనాడు విద్యుత్తీగ చుట్టను పెట్టుటకు చోటు చాలక విరూపాక్షయ్య ఆ గుడ్డనుండి పైకి వచ్చియున్న వీణ బిరడకు దానిని తగిలించెను. ఆయన అది చూచి చేసిన పని గాదు. ఆమె మాత్రము చూచెను, చూచి వంటయింటికి పోయెను.

సంక్రాంతికి ముగించెదననెను, ముగియలేదు. శివరాత్రికన్న మాటయు నీటిమీది వ్రాతయే యయ్యెను. ఆయనను ఎక్కువగా వేధించినది అతుకుల బాధ. ఇత్తడికమ్మి ముక్కలు కలియు ప్రతిచోట ఇంజను చిన్న కుదుపు పొందును. ఒక్కొక్క వేళ అతుకున విద్యుత్తు చేరక మొండికేసిన యెద్దువలె నిలిచిపోవును. ఆ కుదుపు ఆయన పండ్లకు తగిలినట్లు తోచెడిది. ఆ బాధ తాళలేక పుష్యమాసముననే, చలికి చేతులు కొంకరలు పోవు ఒక వేకువయందు, ఆయన సొరంగము మొదలు వంతెన దాక పోవు పొడవైన తిన్నని దారిలో అతుకుల నన్నిటిని టంకముతో నింపి ఆకురాయితో రాచి రెండు కొసలను మేకులతో బిగించి ఏకఖండము గావించెను. పిమ్మట కన్నులు మూసికొని వ్రేలిని దానిపై జరిపి చూచెను. ఎక్కడను అడ్డు తగులలేదు. తన జీవితమున నింతటి నిర్దోషమైన దారిని వేసియుండలేదని ఆయన మురిసెను. దుమ్ము పడకుండుటకై కిటికీలకు పీలికలు దురిమినదియు అప్పుడే.

అయినను ఆయన కూర్చుండలేదు. రైలు నేతిపై జారినట్లు చప్పుడు లేక పోవుచుండెను. లోపము లేదు, అయినను ఏదియో లేదు. ఆ లేనిదానికై ఆయన కొండలను మరల పగులగొట్టుచుండెను.

మనము కథ నారంభించిన ఆ మధ్యాహ్నమున మరకతమ్మ గది తలుపు తట్టెను. పెద్దబజారు పందిటి పెద్దలు ఉదయమున కబురు పంపిరి. ఉగాదినుండి పిల్లలకు సాధన మొదలుపెట్టవలెను. సాధనకు గది వలయును. ఈ యేడు ఆమె పిల్లలు పాడనిచో పందిరివారు వేరొకరిని పిలుచుకొందురు. ఒకసారి పోయిన చోటు మరల రాదు. ఇదంతయు ఆమె తొందరపాటు లేక చెప్పెను.

"నవమికి మా పిల్లోళ్లు పాడరని చెప్పి పంపించేదా? చెప్పండి, అట్లే చెప్తా."

విరూపాక్షయ్య పట్టకారు దింపెను. ఆమె కంఠమున కోపము లేదు. కోపమున్నచో ఆయన బదులు చెప్పియుండును. ముప్పూటల వంట చేసి మూడు మాసములు మాటాడక తిరిగిన మనిషి ఇప్పుడింత శాంతముగా అడుగుట ఆయనను భయపెట్టెను.

"ఉగాదికి నడుస్తాది మరకతం. నడిస్తే సగం గది నీది. నడవకపోతే నా చేత్తోనే అంతా పీకి పారేస్తా. ఇది మాట."

ఆమె మరలిపోయెను. ఆయన మాటలను ఆమె అంతకుముందును పుచ్చుకొనియుండెను.

ఉగాది వచ్చెను. పచ్చడి తినుటయు పంచాంగము వినుటయు నైన పిదప అపరాహ్ణమున చూచువారు చేరిరి. వకుళయు మరి కొందరు శిష్యురాండ్రును వారి తల్లులును వచ్చిరి. ఎదురింటి కరణముగారు వచ్చిరి. అందరికంటె ముందు వచ్చినవాడు మస్తాన్ సాబు. ఆయన ఒకప్పుడు విరూపాక్షయ్య క్రింద గ్యాంగుమేస్త్రీగా పనిచేసెను. ఇప్పుడు పనియు లేదు, గ్యాంగును లేదు, కాని భుజముమీది యెర్రతుండును మాత్రము ఆయన మానలేదు. బల్లపైనున్న యడవిని చూచి ఆ వృద్ధుడు వంతెన చెంత చాలసేపు నిలిచి కన్నులు తుడుచుకొనెను. విరూపాక్షయ్య అది చూచి ముఖము త్రిప్పుకొనెను, తన కన్నులును తడిసినవి కాన.

గది కిక్కిరిసెను. పైన రేకులు పొద్దుటినుండి కాగుచుండెను. పడమటి కిటికీ యెండకు ఎర్రబడెను. గాలియాడుటకు దారి లేదు. తల్లులు చీరకొంగుల విసరుకొనుచుండిరి. కిటికీ తెరువరాదా యని కరణముగారు మెల్లగా నడిగెను గాని దుమ్ము పడునని విరూపాక్షయ్య ఒప్పుకొనలేదు. ఆయన మీట త్రిప్పెను. ఇంజను కదలెను. స్టేషను విడిచి వంపు తిరిగి సొరంగమున దూరి వెలువడి తిన్నని దారిని పట్టి వంతెన దాటి మరల స్టేషను చేరెను. పిల్లలు హర్షించిరి. విరూపాక్షయ్య మరకతమ్మ వైపు చూచెను. ఆమెయు చూచెను. ఆ చూపులో కొంత యాశ యుండెను. రెండవచుట్టు మొదలయ్యెను.

ఇంజను సొరంగమున దూరిన క్షణమున తిన్నని దారి నడుమ నొక చిన్న ధ్వని పుట్టెను. పెనముపై నావగింజ చిటిలిన యంతటిది. పుష్యమాసపు చలిలో అతికిన యేకఖండపు కమ్మి ఉగాది యెండకు సాగి రెండు కొసల మేకులనడుమ పోవుటకు చోటు గానక స్లీపరులను పెకలించుకొని ప్రక్కకు లేచి మెలిదిరిగెను. అందరికంటె ముందు చూచినవాడు మస్తాన్ సాబు. ఆయన ఆలోచింపలేదు. భుజమునుండి యెర్రతుండు తీసి రెండుచేతుల విప్పి సొరంగపు మొగమునకు ఎదురుగా పట్టెను.

"సారూ, నిలపండి."

ఎర్రగుడ్డను చూచినంతనే విరూపాక్షయ్య చేయియు ఆలోచింపలేదు. అది మీటను త్రిప్పివేసెను. సొరంగమునుండి సగము వెలువడి ఇంజను నిలిచెను. మెలికకు జానెడు దూరమున నది నిలిచియున్నది. ఇన్నియేండ్ల యుద్యోగమున ఆ యిరువురును చేసిన పని యదియే గావున వారు దానిని చక్కగనే చేసిరి. చూచువారు ఎవ్వరును నవ్వలేదు. నవ్వియుండినచో విరూపాక్షయ్యకు కొంత మేలుగా నుండెడిది. ఊరందరికి శకునము చెప్పిన బల్లి కుడితితొట్టిలో పడినదను సామెత అచటనున్న వారిలో కనీస మిరువురికి తోచియుండును గాని పండుగనాడని ఊరకుండిరి. మస్తాన్ సాబు తుండును మడచి భుజముపై వేసికొని మరల వచ్చెదనని చెప్పి మెల్లగా వెడలెను. పిల్లలు తల్లుల వెంట బోయిరి. గుమ్మము దాటునపుడు వకుళ గోడనున్న వీణ వైపొకమారు చూచెను.

అందరును పోయిన పిదప విరూపాక్షయ్య పట్టకారు చేత బూనెను. మెలిదిరిగిన కమ్మిని పట్టి లాగెను. దానితోపాటు వంతెన కదలెను.

"అంతా పీకేస్తా. మాటంటే మాటే. మొదట్నుంచీ తప్పే."

మరకతమ్మ వచ్చి ఆయన చేతినుండి పట్టకారు తీసికొనెను. బలాత్కారముగా గాదు, అలసిన వాని చేతినుండి చెంబు తీసికొనినట్లు తీసికొనెను. పిదప పడమటి కిటికీకడకు పోయి పీలికలు లాగి రెక్కలు తెరచెను. గాలి లోనికి వచ్చి రంపపుపొట్టు అడవిని కొంత లేపెను. ఆయన అడ్డుపడలేదు.

"ఎండాకాలం వస్తే కమ్మికి ఊపిరాడనియ్యండ్రా అని గ్యాంగోళ్ల మీద అరిచేది ఎవరు? వంటింట్లో నేను వింటానే ఉంటి కదా. ఆ మాట మన ఇంట్లోకి వచ్చేసరికి యాడికి పాయ?"

ఆమె యింకను ముగింపలేదు.

"నాకు గూడా ఈ గదిలో ఊపిరాడక శానా దినాలాయ. మీరు చూడలేదు. పీకేస్తే ఎవరికి లాభం? సందు విడవండి, చాలు."

ఈ మాట లని ఆమె కొంగుతో కన్నులొత్తుకొనెను. ఆమెకు ఏడ్పు వచ్చుట ఆయన చూచి చాలకాలమయ్యెను. ఆయన తల దించుకొనుటకు నేల వైపు చూడబోయి గోడ వైపు చూచెను. అచట గుడ్డ చుట్టిన వీణ యుండెను. దాని బిరడకు తన తీగచుట్ట వ్రేలాడుచుండెను. దానిని తగిలించినది తానేయని ఆయనకు స్ఫురించెను. గ్యాంగువాడెవ్వడైన కమ్మిపై కాలు మోపి తాంబూలము వేసికొన్నను సహింపని తాను ఆమె ప్రాణమునకు చిలుకకొయ్య పని చెప్పితినే యని ఆయనకు సిగ్గు కలిగెను. ఆ సిగ్గునకు చెవులు కాలినవి. ఆయన పోయి తీగచుట్టను తీసి నేల పెట్టెను. బిరడ సడలి వీణ లోలోపల ఒకమారు మూలిగెను. ఆ రేయి వారిరువురును ఉగాది బొబ్బట్లు మిగిలినవి తిని పడుకొనిరి.

మరునాటి చల్లని వేకువలో విరూపాక్షయ్య సన్నని రంపము పట్టెను. తాను టంకమిడి రాచి మురిసిన యతుకులనే వెదకి వెదకి కోసెను. కోయుచుండగా కన్నులనుండి నీరు కారెను. అది ఇత్తడిపొడి పడుటచేతనని మరకతమ్మతో ననెను. ఆమె అట్లే నమ్మినట్లు తలయూచెను. సందు ఎంత విడువవలెనో కొలుచుటకు ఆ బొమ్మదారికి తగిన కొలతకమ్మి లేదు. ఆయన తెల్లకార్డు ముక్క పెట్టి చూచెను, మందమయ్యెను. సిగరెట్టుపెట్టె రేకు పెట్టి చూచెను, పలుచనయ్యెను. అప్పుడు మరకతమ్మ లోనికి పోయి వీణనుండి తెగిపోయిన సారణితంత్రి ముక్కనొకదానిని తెచ్చి యిచ్చెను. అది సరిపోయెను. ప్రతి యతుకునను ఆ తంత్రిని నిలువున దోపి కమ్మిని దానికి చేర్చి బిగించి పిమ్మట తంత్రిని లాగివేయుట, ఇట్లు దారియంతయు వేసిరి. విద్యుత్తు తెగకుండుటకు కమ్ముల క్రింద వదులువదులుగా చిన్న తీగలను గూర్చెను. తంత్రిని పట్టుకొనుట ఆమె పని, కమ్మిని చేర్చుట ఆయన పని. ఆయన రెండుమారులు ఆమెపై కసరెను. ఆమె మూడుమారులు బదులిచ్చెను. కాపురము మరల మొదలైనట్లుండెను.

బల్లను రెండుగా కోయుట మాత్రము ఆయన ఓర్వలేక మస్తాన్ సాబును పిలిపించి ఆయనచేత కోయించి తాను వసారాలో నిలువబడెను. తిన్నని దారియున్న సగము మడతబందులతో గోడవారకు దిగునట్లయ్యెను. రైలు నడుపునపుడు లేపవలెను, పాఠము చెప్పునపుడు దింపవలెను. దానితో నల్లమలలో సగము రోజున కొకపరి గోడపాలగుచుండెను. కొండ యంచున పగులొకటి మిగిలెను. ఎంత సుద్ద మెత్తినను అది పోలేదు, ఆయనయు కొన్నాళ్లకు మెత్తుట మానెను.

అన్నియు బిగిసిన సాయంకాలమున ఆయన మీట త్రిప్పెను. ఇంజను తిన్నని దారిపైకి వచ్చెను. మొదటి యతుకు దాటెను. టక్కుమనెను. వెనుక పెట్టె దాటెను. టక్కుమనెను. ఆపై అతుకు మీద నతుకు, టకటక, టకటక యని సన్నగా, దూరమున నడవిలో వినబడునట్లు వినబడ సాగెను. విరూపాక్షయ్య కదలక నిలిచెను. క్వార్టర్సు గోడలలో నిద్రించినన్ని యేండ్లును తన చెవినుండి తొలగని ధ్వని యదియే. ఊరికి వచ్చిననాటినుండి పక్కపై లేచి కూర్చుండి తాను వెదకినదియు అదియే. దానిని వేధింపనుకొని తన చేతులతోనే టంకము పోసి పూడ్చితిననియు, అందుచేతనే అంత నిర్దోషమైన దారిలో రైలు రైలుగా తోపలేదనియు ఆయనకు తెలియవచ్చెను. ఆయన స్టూలు లాగికొని కూర్చుండెను. రైలు చుట్టు తరువాత చుట్టు తిరుగుచుండగా కూర్చుండియే యుండెను. తలుపుకడ నిలిచిన మరకతమ్మ తొడపై వ్రేళ్లతో తాళము వేయుచున్నదని ఆమెకే తెలియదు.

లోపము లేదనుట అబద్ధము. సొరంగమునకు ముందరి వంపున ఇంజను ఇప్పటికిని వారమున కొకమారు పడుచున్నది. పడినపుడెల్ల ఆయన చేయి పట్టకారునకై పోవును. కొన్ని దినములు ఆగును, కొన్ని దినములు ఆగదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని పెద్దలన్న మాట తప్పునా.

చైత్రమున ఎండలు ముదిరెను. ఇనుమైన నిత్తడియైన వేడికి సాగకతప్పదు. సాగుదానికి చోటు విడిచినవాని దారి నిలుచును, విడువనివాని దారి ఎంత నునుపైనను మధ్యాహ్నమునకు మెలిదిరుగును. ఒకచోట చేరి బ్రదుకు మనుష్యుల విషయమును ఇంతకంటె భిన్నము గాదు. విరూపాక్షయ్య దినదినము పగటివేళ గదిలోనికి వచ్చి అతుకులపై వ్రేలుంచి చూచును. వేకువ తెరచియున్న సందు అప్పటికి మూసికొనియుండును. కమ్మి మాత్రము కదలియుండదు.

నవమికి రెండుదినములు ముందు, కిటికీలన్నియు తెరచియున్న ఆ గదిలో చాపలపై పిల్లలు కూర్చుండిరి. గుమ్మమున చెప్పుల కుప్ప మరల పెరిగెను. గోడవారగా మిగిలిన సగము బల్లకడ విరూపాక్షయ్య స్టూలుపై నుండెను. రైలు సొరంగమునకు ఇవతల సిగ్నలు ఎదుట నిలిచియుండెను. అగ్గిపుల్లతో చేసిన యా సిగ్నలు చేయి చాచి యెర్రగా నున్నది. పాఠమగుచున్నంతసేపు దానిని దింపి రైలును వదలరాదనునది ఆ యింటి క్రొత్త నిబంధన. పిల్లలు పాట ముగించిరి. వకుళ ఒకచోట తడబడెను గాని చివరకు చేరుకొనెను. మరకతమ్మ ఒడిలోని వీణపై కడపటి స్వరమును నిలిపి దాని వెనుకటి నిశ్శబ్దమును కూడ కొంత విననిచ్చి భర్త వైపు తిరిగి ఇక బల్ల లేపి రైలు నడపవచ్చునని తలయూచెను.

ఆయన చేయి మీటపైననే యుండెను. సిగ్నలు మాత్రము దింపలేదు.

"ఉండనీ, బండి నిలబడతాది," అనెను విరూపాక్షయ్య. "ఇంగొకటి వాయించు."